బి సెక్షన్ ఇంగ్లీషు డ్రిల్లు

కొండల్ సార్‌కు ఇంగ్లీషు రాదని తొర్రూరులో ఎవరన్నా అంటే ఆయన ఒప్పుకునేవాడు కాడు. వచ్చు. కాకపోతే ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా ఆజ్ఞలే. అటెన్షన్, స్టాండటీజ్, అబౌట్ టర్న్, క్విక్ మార్చ్. దొరలు మందికి పని చెప్పడానికే ఆ భాషను పుట్టించుకున్నారని, అందులో మామూలు మనుషులు మంచీచెడ్డా మాట్లాడుకునే మాటలు ఉండవని ఆయన గట్టి నమ్మకం. డ్రిల్లు మాస్టరుగా పద్దెనిమిదేళ్లు చేసినా ఆ నమ్మకానికి ఎక్కడా దెబ్బ తగల్లేదు.

ఆ బుధవారం హెడ్మాస్టరు సంజీవ సార్ గదిలోకి పిలిచి చెప్పిన మాటకు కొండల్ చేతిలోని వాలీబాలు జారి కింద పడింది.

"ఇయ్యాల్టి సంది తొమ్మిది బి ఇంగ్లీషు నువ్వే చెప్పాలె."

"నేనా సార్?"

"మరెవలున్నరు? గుడ్డి కంటె మెల్ల నయం."

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలప్పుడు ఆంధ్రాలోని తన ఊరికి వెళ్లిపోయిన ఇంగ్లీషు మాస్టారు మళ్లీ తిరిగి రాలేదు. ఆయన పాఠం బాగా చెప్పేవాడు. పిల్లలు 'గట్ల', 'గిట్ల' అన్నప్పుడల్లా ముక్కు మీద వేలేసుకునేవాడు గానీ, చెడ్డవాడేం కాదు. రెండేళ్లయినా ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. నాలుగు నెలల కిందట పెద్దవంగర నుంచి విద్యాసాగర్ వచ్చాడు. అరవై ఎకరాల ఆసామి కొడుకు, బి.ఏ. చదివాడు, నిండా పాతికేళ్లు లేవు. ఆయన్ని ఏ సెక్షన్‌కు ఇచ్చారు. కాపుల పిల్లలు, షావుకార్ల పిల్లలు, కచేరీ ఉద్యోగుల పిల్లలు ఉండేది అందులో. బి సెక్షన్లో ఇరవై ఎనిమిది మంది. కూలోళ్ల పిల్లలు, జీవాలు కాసుకునేవాళ్ల పిల్లలు, నలుగురు తండా పిల్లలు. వాళ్లకు ఏడాదంతా ఇంగ్లీషు పీరియడంటే కిటికీలోంచి రోడ్డు మీద బస్సులు లెక్కపెట్టుకోవడమే.

"శనివారం పరీక్ష," అన్నాడు సంజీవ సార్ తలెత్తకుండానే. "ఏడాదంత పాఠం జరగలేదు గాబట్టి పూర పుస్తకం అడుగుతలేం. ఒక్క పేజీ. పది ఖాళీలు. అయిదు నింపినోళ్లు పదికి పోతరు. నింపనోళ్ల పేర్లు కొట్టేస్త. పదిల మన పర్సెంటేజీ పడిపోతె నేను మానుకోట ఆఫీసుకు పోయి జవాబు చెప్పుకోవాలె."

ఆ పేజీని ఎంచింది విద్యాసాగర్. గోడకు ఆనుకుని నిలబడి వ్యాకరణ పుస్తకాన్ని కొండల్ చేతిలో పెట్టాడు.

"కథ లేదు, పద్యం లేదు. మస్తు సులువుగుంటది కొండల్. ఒక్కటే మాట. స్వింగ్. గది ఏ మాటతోటి కలుస్తదో నేర్పితె అయిపాయె."

తనకంటే పదిహేడేళ్లు పెద్దవాణ్ణి ఒట్టి పేరు పెట్టి పిలవడం అతనికి ఇంట్లో నేర్పిన మర్యాద. కొండల్‌కు అది అలవాటే. ఆయన పేజీ వైపు చూశాడు. పైన ఒక్క మాట, కింద చీమల బారులా దాని చుట్టాలు. మూడో వరసలో ఒకటి చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. 'స్వింగ్ యువర్ ఆర్మ్స్.' ఇది తనదే! రోజూ పొద్దున గ్రౌండులో తను అరిచేదే! ఆ ఒక్క సంతోషంతో పుస్తకం చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. లైబ్రరీ డిక్షనరీలో స్వింగ్ అంటే ఊగు, ఊపు, ఉయ్యాల అని ఉంది. ఆ మూడింటినీ బోర్డు మీద రాసుకుని, పేజీలోని ఒక్కో దానికీ తెలుగు చెప్పబోయాడు. తలుపు ఊగి తెరుచుకొనెను. వాడు గుండ్రంగా ఊగెను. పోలీసులు చర్యలోనికి ఊగిరి. ఇక్కడికొచ్చేసరికి క్లాసు మొత్తం గొల్లుమంది.

"సార్, కల్లు తాగిండ్రా?" అని వెనక బెంచీ చాంద్యా అడిగాడు.

గోడ అవతల ఏ సెక్షన్ వాళ్లకు ఆ నవ్వు వినిపించి వాళ్లూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్లకు తెలియదు. డ్రిల్లు సార్ ఇంగ్లీషు చెబుతున్నాడన్న సంగతి చాలు. కొండల్ చెవులు ఎర్రబడ్డాయి. అయిదు వందల మంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టే మనిషి, ఇరవై ఎనిమిది మంది ముందు చాక్‌పీసు పట్టుకుని దొంగలా నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి పుస్తకాన్ని మంచం మీద విసిరేశాడు. భార్య సరోజన మిషను మీద రవిక కుడుతోంది. కాలు ఆపకుండానే విషయమంతా విన్నది.

"గా పోరగాండ్లు ఫేలయితె నీకేమయితది?" అని అడిగింది.

"నాకేమయితది? జీతం వస్తది. వాళ్లకయితది."

"మరి నువ్వు నీది కాని పద్ధతి ఎందుకు పట్టుకున్నవు? బోర్డు నీదా? చాక్‌పీసు నీదా? గా పెద్దవంగరాయన లెక్క చెప్పబోతివి, నవ్విండ్రు. నీకొచ్చిన తీరుగ నేర్పు." దారం పళ్లతో పుటుక్కున తెంపింది. "నాకు కొలతల టేపు పట్టుడు రాదు. జేన తోటి కొలుస్త. ఎవలన్న రవిక బిగుసుకుందని మర్లిచ్చిండ్రా?"

కొండల్ పుస్తకం మళ్లీ తీసి, పేజీని డ్రిల్లు మాస్టరు కళ్లతో చూడడం మొదలుపెట్టాడు. ఆ చూపుతో చూస్తే పేజీ నిండా ఆజ్ఞలే కనిపించాయి. ఆయన అన్నం తినడం కూడా మరిచిపోయాడు.

గురువారం పొద్దున బి సెక్షన్ గ్రౌండులో నాలుగు వరసల్లో నిలబడి ఉంది. చేతిలో పుస్తకాలు లేవు.

"ఆర్మ్స్... స్వింగ్!"

ఇరవై ఎనిమిది జతల చేతులు ముందుకూ వెనక్కూ ఊగాయి. దాన్ని ఎవరికీ నేర్పనక్కర్లేదు. "ఏం చేస్తుండ్రు?" అని అరిచాడు కొండల్. "స్వింగ్ అవర్ ఆర్మ్స్ సార్!" అని వాళ్లూ అరిచారు. పుస్తకంలో ఉన్నది నోట్లోకి అంత సులువుగా వచ్చినందుకు వాళ్లకే ఆశ్చర్యం వేసింది.

తర్వాత ఆయన ఇద్దరిద్దర్ని జతలు కట్టాడు. ఒక్కో జత ఒక్కో తలుపు, రెండు రెక్కలు. మడమ కదలకూడదు. మడమే మడతబందు. నీలి, రాంజీ మొదటి తలుపు. "డోర్... స్వింగ్... ఓపెన్!" అనగానే ఇద్దరూ మడమ మీద తిరిగి చెరో పక్కకు విచ్చుకున్నారు. "స్వింగ్... షట్!" అనగానే వచ్చి భుజాలు తాకించారు. పద్నాలుగు తలుపులు ఒక్కసారి తెరుచుకుని ఒక్కసారి మూసుకుంటుంటే, రోడ్డు మీద పోయే బండివాడు ఎడ్లను ఆపి మరీ చూశాడు. అబౌట్ టర్న్ ఎలాగూ వచ్చు గనుక, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు ఆ తిరుగుడే గబుక్కున తిరిగితే 'స్వింగ్ రౌండ్' అయింది. వేపకొమ్మకు ఒక్కొక్కరే వేలాడితే 'స్వింగ్ ఫ్రమ్ ఎ బ్రాంచ్' అయింది. 'స్వింగ్ ఇంటు యాక్షన్' అనగానే అప్పటిదాకా స్టాండటీజ్‌లో ఉన్నవాళ్లు ఒక్క ఉరుకున పోయి చీపురు పట్టినవాళ్లు చీపురు, బకెట్టు పట్టినవాళ్లు బకెట్టు పట్టి గ్రౌండంతా ఊడ్చి నీళ్లు చల్లాలి. ఆ ఆజ్ఞను కొండల్ కావాలనే నాలుగుసార్లు ఇచ్చాడు. గ్రౌండు అద్దంలా తయారయింది.

అందరికంటే ముందు అందుకున్నది నీలి. సోలిపురం తండా నుంచి తొమ్మిదో తరగతి దాకా వచ్చిన ఒక్కగానొక్క ఆడపిల్ల. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. ఇప్పుడు ఇది మూడోది. నీళ్ల కుండ దగ్గర కొండల్ ఆమెను అడిగాడు.

"నీకింత జల్ది ఎట్ల వస్తుంది బిడ్డా?"

"నేను తెలుగు గిట్లనే నేర్చుకున్న సార్. మాటకు మాట అర్థం అడిగితె అయ్యేది కాదు. ఏ మాట ఎన్క ఏ మాట అంటరో సూసుకుంట పోయిన." నీలి నవ్వింది. "బువ్వ తింటరు, సరే. దెబ్బలు గుడ తింటరంటె మొదాల జర పరేషానయిన. ఎందుకు తింటరని ఎవల్ని అడిగినా చెప్పలే. ఇగ అడుగుడు బందు పెట్టిన."

కొండల్ పుట్టి నలభై రెండేళ్లయింది. దెబ్బలు తింటారన్న మాటలోని వింత ఆయనకు ఆ రోజు దాకా తట్టనే లేదు. పుట్టుకతో తెలుగు వచ్చినవాడికి తన భాషలో కూడా ఇలాంటి చుట్టరికాలు ఉన్నాయని తెలియదు. పరాయి ఇంటి నుంచి వచ్చినవాళ్లకే ఇంట్లో ఎవరు ఎవరితో కూర్చుంటారో కనిపిస్తుంది. ఈ పిల్లకు తను నేర్పడమేంటి, తాతకు దగ్గులు నేర్పినట్టు, అనుకున్నాడు.

అయితే సాయంత్రం ఒక చోట బండి దిగబడింది. 'ఇన్ ఫుల్ స్వింగ్.' కొండల్ దాన్ని రెండుసార్లు చదివి, నిండు బలంతో ఊపమని అర్థం చేసుకున్నాడు. "ఇన్ ఫుల్... స్వింగ్!" అని గట్టిగా ఆజ్ఞాపించాడు. పిల్లలు ఒంట్లో ఉన్న బలమంతా తీసి చేతులు విసిరారు. ముందు వరసలోని సోమ్లా చెయ్యి వెనక వరసలోని చాంద్యా ముక్కుకు తగిలి రక్తం కారింది. రాంజీ బోర్లా పడ్డాడు. వరండాలో నిలబడి చూస్తున్న విద్యాసాగర్ మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"పేజీల గిట్ల లేదు కొండల్," అన్నాడు.

మర్నాడు అంగడి. మధ్యాహ్నం నుంచి బడికి సెలవు. సరోజన సంచులు రెండూ మొగుడికి తగిలించి ముందు నడుస్తోంది. మేకల దగ్గర నీలి తండ్రి టీక్యా కనిపించాడు. పక్కన నీలి మేక తాడు పట్టుకుని ఉంది. టీక్యా తలరుమాలు తీసి దండం పెట్టాడు.

"సారూ, రేపటి పరీచ్చల పిల్ల పాసయితదా?"

"ఎందుకు కాదు?"

"అయితె మంచిదే. కాకుంటె గుడ జర ముందుగాల చెప్పుండ్రి. ఆయితారం మా వోళ్లందరు మిరపకాయ ఏరనీకి ఖమ్మం దిక్కు పోతుండ్రు. లారీల జాగ పట్టుకోవాలె. బడి లేకుంటె పిల్లను ఒక్కదాన్ని తండల ఎట్ల ఇడిసిపెడ్త?"

అతను తప్పేమీ అనలేదు. గొంతులో కోపం కూడా లేదు. అందుకే కొండల్‌కు ఎక్కువ బాధ కలిగింది. నీలి మేక చెవులు నిమురుతూ ఇటు చూడకుండా నిలబడింది. ఒక పేజీ పరీక్షకు, ఒక లారీకి మధ్య ఆ పిల్ల బతుకు ఉందన్నమాట. దానికి అడ్డంగా ఉన్నవి పది ఖాళీలు. అందులో ఒకటి తనకే రాదు.

"పదయ్య, నిలబడ్డవేంది?" అని సరోజన వెనక్కి వచ్చింది. "పొద్దుగాల వస్తె బేరం కుదరదు. పొద్దుగూకినంక వస్తె పుచ్చు వంకాయలు మిగుల్తయి. గిప్పుడే అంగడి మంచి జోరు మీదుంది."

నీలి చటుక్కున తలెత్తింది. సరోజన మొహం చూసింది, తర్వాత అంగడి చూసింది. మేకలు అరుస్తున్నాయి. గాజులవాడు పాట కట్టి పిలుస్తున్నాడు. మిరపకాయల కుప్ప దగ్గర నలుగురు ఒకేసారి తుమ్ముతున్నారు. జొన్నలు కొలిచేవాడు 'లాభం, రెండూ, మూడూ' అని రాగం తీస్తున్నాడు. ఎవరి బేరం వాళ్లది, ఎవరి తొందర వాళ్లది.

"సార్," అంది నీలి. "ఫుల్ స్వింగంటె గిదేనేమో."

"ఏది?"

"గిదే. అంగడి. మొదలయిందనేటట్టు లేదు, అయిపోయిందనేటట్టు లేదు. నడిమిట్ల, జోరు మీదుంది గద."

కొండల్ అంగడిని ఒకసారి కలయజూశాడు. "మరి దీనికి ఎవలిచ్చిండ్రు ఆర్డర్?"

"ఎవ్వలియ్యలె సార్. గది ఆర్డర్ కాదు. ఊకె సూసి చెప్పే మాట."

చూసి చెప్పే మాట! ఇంగ్లీషులో అలాంటిది కూడా ఉందా? ఎవరినీ లేపకుండా, కూర్చోబెట్టకుండా, ఎడమకో కుడికో తిప్పకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి సంతోషంగా ఒక మాట అనుకోవడం. దొరలు కూడా అంగడికి పోయి ఉంటారు. వాళ్ల పెళ్లాలూ వాళ్ల చేతికి సంచులు ఇచ్చి ఉంటారు. కొండల్‌కు ఎందుకో పట్టలేనంత నవ్వొచ్చింది. రెండు సంచులతో అంగడి మధ్యలో నిలబడి, "మార్కెట్ ఈజ్ ఇన్ ఫుల్ స్వింగ్!" అని గ్రౌండులో అరిచినట్టే అరిచాడు. మేకలు బెదిరాయి. సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఈయనకు ఏమో అయింది," అంది.

ఆ సాయంత్రం అంగడికి వచ్చిన బి సెక్షన్ పిల్లలందర్నీ నీలి, రాంజీ వెతికి పట్టుకున్నారు. కల్లుకుండల దగ్గర ఒకర్ని, బొరుగులమ్మే చోట ఇద్దర్ని. ప్రతివాడికీ అంగడి చూపించి ఆ మాట అనిపించారు.

శనివారం రెండు సెక్షన్లకూ అదే పేజీ, ఒకటే హాలు. విద్యాసాగర్ కాగితాలు పంచాడు. పావుగంట గడిచిందో లేదో హాల్లో ఏదో తేడాగా ఉందని అతనికి అనిపించింది. ఏ సెక్షన్ తల వంచుకుని రాస్తోంది. బి సెక్షన్ మాత్రం నిలకడగా లేదు. ఒకడు బెంచీ కింద చేతులు ఊపుతున్నాడు. ఇంకొకడు గభాలున వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు తిరిగి రాసుకుంటున్నాడు. రాంజీ, నీలి ఒకరి భుజం ఒకరికి తాకించి విడిపోతున్నారు.

"సైగలా!" అని అరిచాడు విద్యాసాగర్. "అందరు కూడి కాపీ కొడ్తుండ్రు!"

అతను నిజంగానే నమ్మాడు. చకచకా బి సెక్షన్ కాగితాలన్నీ లాక్కున్నాడు. నీలి కాగితం మీద ఇంకా సిరా ఆరలేదు. ఆ పిల్ల ఏడవలేదు. చేతులు రెండూ బెంచీ మీద పెట్టి ఖాళీగా ఉన్న చోటు చూస్తూ కూర్చుంది. గొడవ విని సంజీవ సార్ వచ్చాడు, వెనకే కొండల్ వచ్చాడు.

"కాపీ కొట్టినోళ్లకు సున్న," అన్నాడు సంజీవ సార్. "పేర్లు కొట్టేస్త."

హెడ్మాస్టరు మాటకు కొండల్ ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఆజ్ఞకు ఆజ్ఞతో తప్ప జవాబుండదని నమ్మిన మనిషి. కానీ ఆ రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, గది కాపీ కాదు. మతికి తెచ్చుకుంటుండ్రు. కాయిదాలు చింపేయుండ్రి, నేనేమనను. ఒక్క పది నిమిషాలు వీళ్లను గ్రౌండుల నిలబెట్టుండ్రి. విద్యాసాగర్ సారే అడగాలె. నేను నోరు మెదప."

సంజీవ సార్ లెక్క వేసుకున్నాడు. పేర్లు కొట్టేయడం సులువే గానీ, ఇరవై ఎనిమిది మంది తండ్రులకు జవాబు చెప్పడం సులువు కాదు. "పదుండ్రి," అన్నాడు.

గ్రౌండులో బి సెక్షన్ నాలుగు వరసలు కట్టింది. కొండల్ దూరంగా వేపచెట్టు మొదట్లో నిలబడ్డాడు. విద్యాసాగర్ పుస్తకం తెరిచి, క్రమం మార్చి అడిగాడు. "ద డోర్..." అన్నాడో లేదో పద్నాలుగు తలుపులు విచ్చుకున్నాయి. "స్వింగ్స్ ఓపెన్ సార్!" అన్న కేకకు చెట్టు మీద కాకులు లేచాయి. "షి..." అంటే గిర్రున వెనక్కి. "ద పోలీస్..." అంటే చీపుర్ల మీదికి ఉరికారు. కాగితాలు ఇచ్చేసి ఏ సెక్షన్ పిల్లలు వరండా నిండా చేరారు. వాళ్లలో చిన్నవాడొకడు తెలియకుండానే మడమ మీద తిరుగుతున్నాడు.

"ఇన్ ఫుల్ స్వింగ్," అన్నాడు విద్యాసాగర్ నెమ్మదిగా. ఇది రాదని అతనికి ఖాయంగా తెలుసు. చాంద్యా ముక్కు ఇంకా వాచే ఉంది.

ఒక్కరూ చేతులు ఎత్తలేదు. వరసలన్నీ కదలకుండా నిలబడ్డాయి. విద్యాసాగర్ హెడ్మాస్టరు వైపు తిరిగాడు. అంతలో నీలి ఒక అడుగు ముందుకు వేసింది.

"గది చేసేది కాదు సార్. చూసి చెప్పేది," అంది. వరండాలో ఒకరినొకరు తోసుకుంటున్న పిల్లల్నీ, దుమ్ము రేగిన గ్రౌండునీ, చీపుర్లు పట్టుకున్న తన వాళ్లనీ చూసింది. "అవర్ ఎగ్జామ్ ఈజ్ ఇన్ ఫుల్ స్వింగ్, సార్."

సంజీవ సార్‌కు నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. "కాయిదాలు ఇచ్చెయ్ విద్యాసాగర్. ఊగుకుంటనే రాయనియ్," అన్నాడు.

వేపచెట్టు కింద కొండల్ ఎవరికీ కనబడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి.

సాయంత్రానికి మార్కులు వచ్చాయి. బి సెక్షన్లో అందరూ గట్టెక్కారు. చాంద్యాకు సరిగ్గా అయిదు, నీలికి పది. ఏ సెక్షన్లో పదకొండు మంది తప్పారు. వాళ్లు అర్థాలు బట్టీ పట్టారు. అర్థం తెలిసినా ఏ మాట పక్కన ఏది రావాలో వాళ్లకు తోచలేదు. ఆదివారం పొద్దున లారీ తండా నుంచి ఖమ్మం దారి పట్టింది. నీలి అందులో లేదు. టీక్యా తన తోబుట్టువు బుచ్చిని తండాలో పిల్లకు తోడుగా ఉంచి వెళ్లాడు.

సోమవారం మొదటి పీరియడ్‌కు కొండల్ బి సెక్షన్‌ను గ్రౌండులో వరస పెడుతుంటే, వెనక చప్పుడయింది. ఏ సెక్షన్ మొత్తం బయటికి వస్తోంది, ముందు విద్యాసాగర్. శనివారం రాత్రంతా ఆ పదకొండు కాగితాలే చూశాడేమో, మొహం పీక్కుపోయి ఉంది. దగ్గరికి వచ్చి ఆగాడు.

"కొండల్ సార్," అన్నాడు. "మా పిల్లలకు గుడ జర నేర్పుండ్రి."

కొండల్ తనలో కోపం వెతుక్కున్నాడు, దొరకలేదు. "నిలబెట్టుండ్రి," అన్నాడు.

రెండు సెక్షన్లూ కలిసి ఎనిమిది వరసలయ్యాయి. విద్యాసాగర్ పక్కకు వెళ్లలేదు. పుస్తకం మెట్టు మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఆఖరి వరసలో రాంజీ పక్కన నిలబడ్డాడు.

"నాకు గుడ రావాలె గద," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా.

కొండల్ గొంతు సవరించుకున్నాడు. ఆజ్ఞ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పిల్లలకైతే చెప్పొచ్చు. తనంత తానుగా వచ్చి వరసలో నిలబడ్డ సాటి పంతులుకు చెయ్యి ఊపమని ఎలా ఆజ్ఞాపించడం? ఇంగ్లీషులో దీనికీ ఒక మాట ఉండాలి. ఉంది. రైలు స్టేషన్లో, తాసీల్దారు కచేరీలో చాలాసార్లు విన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ తన నోట పలకలేదు. స్వింగ్ పక్కన అది కూర్చుంటుందో లేదో ఆ పేజీలో రాసి లేదు. అయినా ధైర్యం చేశాడు.

"ప్లీజ్," అన్నాడు కొండల్ సార్. "స్వింగ్ యువర్ ఆర్మ్స్."

బి సెక్షన్ ముందు నోరు తెరిచింది, తర్వాత పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే అన్ని చేతులూ లేచాయి. ఆఖరి వరసలో విద్యాసాగర్ చేతులు పక్కవాళ్ల కంటే ఒక లెక్క వెనకబడ్డాయి. రాంజీ అతని మోచెయ్యి పట్టుకుని సరిచేశాడు.